ర లేని తరగతి

రమ్లా, కెర్కెన్నా దీవి
అక్టోబర్ చివర

ప్రియమైన షాద్లియా అక్కకి,

నువ్వు పంపిన ఉన్ని కండువా అందింది. ఇక్కడింకా చెమటలు పోస్తున్నాయి కాబట్టి పెట్టెలో దాచుకున్నాను. నీ చెల్లెలు ఈ వారంలో ఎంత గొప్పదైపోయిందో వింటే నువ్వు మగ్గం వదిలేసి లేచి నిలబడతావు.

పోయిన గురువారం స్ఫాక్స్ నుంచి ఇన్‌స్పెక్టర్ గారు ఓడ దిగి, చెప్పాపెట్టకుండా మా శిశుతరగతికి వచ్చేశారు. అప్పుడు మేం పెరట్లో ఉన్నాం. నేను తడి ఇసుకలో అరబ్బీ అక్షరాలు పెద్దపెద్దగా గీసి, పిల్లల్ని వాటిమీద గెంతిస్తున్నాను. ఆయన మొహం చిట్లించారు. "ఇది బడా, ఆటస్థలమా అమ్మా?" అన్నారు. "రెండూ అండీ, కాసేపు కూర్చోండి" అన్నాను.

మా పిల్లలకి 'బా' అక్షరపు వంపు పడవ. కింద ఉన్న చుక్క చేప. 'తా' కూడా పడవే, పైన రెండు చుక్కలు సముద్రపు పిట్టలు. ఆక్టోపస్‌లు పట్టే మట్టికుండలు నాలుగైదు అడిగి తెచ్చుకున్నాను. వాటిలో దానిమ్మకాయో, తాళంచెవో, బొగ్గుముక్కో దాచిపెడతాను. కళ్ళు మూసుకుని చెయ్యిపెట్టి, తడిమి, దాని పేరులో మొదటి శబ్దం చెప్పాలి. ఎవర్నీ కసరను. రానివాళ్ళకి రాలేదని చెప్పను, ఆట మళ్ళీ మొదలుపెడతానంతే. కాసేపటికి ఇన్‌స్పెక్టర్ గారు కూడా బూట్లు విప్పి కుండలో చెయ్యి పెట్టారంటే నమ్ముతావా?

ఇంకో సంగతి. ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి, ఆ పేరు మొదటి అక్షరం మీద గెంతాలన్నాను. జాలరి తౌఫిక్ కూతురు రీమ్ ఉంది, ఐదేళ్ళది, జుట్టంతా రింగులు. దానికి 'ర' పలకదు, 'ల' అంటుంది. పరుగెత్తుకొచ్చి 'ర' మీదికి గెంతి, చేతులు పైకెత్తి "లీమ్!" అని అరిచింది. లీమ్ అంటే నిమ్మకాయ కదా, నేను ఊరుకుంటానా? "అయ్యో, మన రీమ్ ఏదమ్మా? ఇవాళ మన బడికి నిమ్మకాయ వచ్చిందే!" అన్నాను. పిల్లలు పడిపడి నవ్వారు. ఇన్‌స్పెక్టర్ గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. వెళ్ళేముందు ఏమన్నారో తెలుసా? వసంతకాలంలో స్ఫాక్స్‌లో టీచర్లందరి ముందూ నేను ఈ ఆటలు ఆడించి చూపించాలట!

అమ్మ ఉంటే ఊరంతా తిరిగి చెప్పేది. ఆ పని నీమీద పెడుతున్నాను.

నీ దలెందా

*

ఎల్ కెఫ్
నవంబర్

దలెందా,

నీ ఉత్తరం కార్ఖానాకి పట్టుకెళ్ళి, భోజనాల వేళ మగ్గాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. నాకు సిగ్గూ లేదు, బిడియమూ లేదు. ఇన్‌స్పెక్టర్ బూట్లు విప్పిన చోట ఒకసారి, నిమ్మకాయ దగ్గర రెండుసార్లు చదివించుకున్నారు. నవ్వి నవ్వి నజీహా చేతిలో కండె జారి దారమంతా చిక్కుపడింది. మేస్త్రి వచ్చి "మీ చెల్లెలి గొప్పతనం మన దుప్పట్ల మీదికి రాకుండా చూడండి" అని వెక్కిరించాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు "ఏమంటోంది మీ నిమ్మకాయ?" అని అడుగుతున్నారు.

నా పక్క మగ్గం మహబూబా ఒక్కతే మధ్యలో లేచి వెళ్ళిపోయింది, పొయ్యిమీద ఏదో పెట్టి వచ్చానంటూ. కార్ఖానాలో పొయ్యెక్కడిదో! సరే, దాని ధోరణి దానిది.

ఇక్కడ చలి మొదలైంది. స్ఫాక్స్ వెళ్ళే రోజున ఆ పాత గోధుమరంగు గౌను వేసుకున్నావో, నేనే వచ్చి విప్పించేస్తాను. నీ కొలతలు పంపు.

షాద్లియా

*

రమ్లా
డిసెంబర్

అక్కా,

కొలతలు ఈ ఉత్తరం వెనక రాశాను. నడుము దగ్గర నువ్వనుకున్నంత సన్నగా లేను. దీవిలో బార్లీ రొట్టె తిని ఎవరూ సన్నబడరు.

ఆక్టోపస్‌ల కాలం కదా, ఊరంతా తాళ్ళమీద ఆరవేసిన వాటి కాళ్ళే. మా పిల్లలు వాటిని చూపించి ఇది ఫలానా అక్షరం, అది ఫలానా అక్షరం అంటున్నారు. నిన్న ఒకడు ఒక కాలు లాగి అచ్చం 'వావ్' అక్షరంలా మెలిపెట్టి తెచ్చాడు. వాళ్ళ నాన్న చూస్తే వాణ్ణే ఆరేసేవాడు.

రీమ్ సంగతి మీవాళ్ళు అడుగుతున్నారన్నావు. ఈమధ్య అది మాట్లాడటం మానేసింది. ఏ ఆటకీ రాదు. కుండలో చెయ్యి పెడుతుంది కానీ నోరు విప్పదు. వాళ్ళమ్మ వసీలాకి నెలలు నిండుతున్నాయి. ఇంట్లో ఇంకో బిడ్డ రాబోతుంటే పెద్దపిల్లలు ఇలా ముడుచుకుపోవడం మామూలే. ప్రసవమయ్యాక సర్దుకుంటుంది.

స్ఫాక్స్‌లో ఏ ఆట ముందు, ఏది తర్వాత అన్నది ఆలోచిస్తున్నాను. పిల్లల్లో ఎవర్ని ఓడ ఎక్కించాలో కూడా.

దలెందా

*

ఎల్ కెఫ్
డిసెంబర్ చివర

దలెందా,

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ పిల్ల ఎప్పటినుంచి మాట్లాడటం లేదు?

ఎందుకు అడుగుతున్నానంటే, మహబూబా నాతో మాట్లాడటం మానేసి చాలా రోజులైంది. కాఫీకి పిలిస్తే రాదు. చివరికి నజీహా చెప్పింది. మహబూబా నాలుక కూడా కొన్ని శబ్దాలు సరిగా పలకదట. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు దానిచేత కావాలని మాట్లాడించి నవ్వుకున్నారట. ఇన్నేళ్ళుగా పక్కపక్క మగ్గాల మీద కూర్చుంటున్నాం, అది తక్కువ మాట్లాడే మనిషనుకున్నాను తప్ప, తనకి వచ్చిన మాటలే ఏరుకుని మాట్లాడుతోందని నాకు తట్టలేదు.

ఇంటికొచ్చి నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఆ పిల్ల గెంతింది 'ర' మీదికే కదా చెల్లీ? నువ్వే రాశావు. నువ్వడిగింది అక్షరం. అక్షరం అది సరిగ్గానే చూపించింది.

ఇప్పుడు చెప్పు. నీ తరగతిలో దాన్ని పిల్లలు ఏమని పిలుస్తున్నారు?

షాద్లియా

*

రమ్లా
జనవరి

షాద్లియా అక్కకి,

నువ్వెప్పుడైనా ముప్పయి మంది పిల్లల మధ్య నిలబడ్డావా? మగ్గం ముందు కూర్చుని నాకు తప్పొప్పులు చెబుతున్నావు. ఈ దీవిలో బెత్తం లేకుండా అక్షరాలు నేర్పుతున్నది నేనొక్కదాన్నే. మనిద్దరం చదువుకున్న పంతులు గారి చేతిలో ఈతబరిక ఎలా ఉండేదో మరిచిపోయావా? ఒక చిన్న నవ్వులాట. ముద్దుగా అన్న మాట. పిల్లలు పిల్లల్ని నానా పేర్లూ పెట్టి పిలుస్తారు. అదంతా నా నెత్తిన రుద్దకు.

గౌను కుట్టడం మొదలుపెట్టకపోతే మానెయ్.

దలెందా

*

రమ్లా
జనవరి

అక్కా,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. మొన్నటి ఉత్తరం పోస్టు చేసి, రొట్టె కొందామని దుకాణం వైపు నడిచాను. అక్కడ వసీలా ఉంది, నిండు కడుపుతో, రీమ్ చెయ్యి పట్టుకుని. రొట్టెలమ్మే ముసలాయన వంగి, ఎంతో ప్రేమగా, "ఏమే నిమ్మకాయా, నీ తీపి రొట్టె తీసుకో" అన్నాడు. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. చెడ్డవాళ్ళు కాదు అక్కా, నాకు రోజూ సలాం చెప్పేవాళ్ళే. రీమ్ రొట్టె అందుకోలేదు. తల్లి గౌనులో మొహం దాచుకుంది.

నేను గుమ్మంలో ఉన్నాను. ముసలాయన నన్ను చూసి, "రండి రండి, పేరు పెట్టిన టీచరమ్మ గారే వచ్చారు!" అన్నాడు.

వసీలా తిట్టి ఉంటే బాగుండేది. నాకు దారి ఇచ్చి పక్కకి తప్పుకుంది. బయటికొచ్చాక, "టీచరమ్మా, రేపటినుంచి పాపని పంపను, కాన్పు దగ్గరపడింది, ఇంట్లో చిన్నచిన్న పనులకి సాయంగా ఉంటుంది" అంది. ఐదేళ్ళ పిల్ల ఏం సాయం చేస్తుంది? నా మొహం నిలబెట్టడానికి ఆవిడ అబద్ధం ఆడింది. నేను "సరేనమ్మా, ఆరోగ్యం జాగ్రత్త" అన్నాను. అంతే అన్నాను! 

నువ్వడిగావు కదా ఎప్పటినుంచి అని. నాకు మొదటినుంచీ తెలుసు. ఇన్‌స్పెక్టర్ వెళ్ళిన మర్నాడే పేర్ల ఆటకి దాన్ని పిలిస్తే తల అడ్డంగా ఊపింది. ఆ ఊపడం చూశాను. చూసి, వాళ్ళమ్మ కడుపు వైపు నా ఆలోచన మళ్ళించుకున్నాను.

ఇంకొకటి నీకు రాయలేదు. ఈ నెలలో అక్షరాల వరసలో 'ర' వంతు వచ్చింది. నేను 'ద' తర్వాత 'ర' వదిలేసి 'జ' కి దూకేశాను. ఇసుకలో గీయడానికి చెయ్యి రాలేదు. ఇది రమ్లా ఊరు, ఊరి పేరే ఆ అక్షరంతో మొదలవుతుంది. ఒక పిల్ల లేచి, "టీచరమ్మా, మన ఊరి అక్షరం మరిచిపోయారు" అంది. "రేపు" అన్నాను. ఆ రేపు ఇంకా రాలేదు.

మొన్నటి ఉత్తరం చించెయ్ అక్కా.

దలెందా

*

ఎల్ కెఫ్
ఫిబ్రవరి

చెల్లీ,

చించేశాను. నా తప్పుని మాత్రం వదిలెయ్యకు. ఆ నవ్వులో నాకూ వాటా ఉంది. నువ్వన్నది ఒక పెరట్లో, నేను దాన్ని ఎల్ కెఫ్ దాకా మోసుకొచ్చి రెండుసార్లు చదివాను.

మహబూబా ఇంటికి వెళ్ళాను. బాదం బిస్కెట్లు చేసి తీసుకెళ్ళాను, మొహానికి ఏదో ఒకటి అడ్డం పెట్టుకోవాలి కదా. "తెలియక చదివాను, మనసు కష్టపెట్టాను" అన్నాను. అది నా వైపు చూసి, "ఫర్వాలేదు షాద్లియా, నాకు అలవాటే" అంది. ఆ మాటలో ఉన్నవి కూడా ఏరుకున్న మాటలేనని ఇప్పుడు నాకు వినపడుతోంది. బిస్కెట్లు అక్కడ పెట్టి వచ్చేశాను. ఏమీ తీరలేదు. మర్నాడు మళ్ళీ పక్క మగ్గం మీద కూర్చుంది, దారం అందించింది. దాని దయ అంతే, నా యోగ్యత కాదు.

నువ్వు వాళ్ళింటికి వెళ్ళు. మిఠాయి తీసుకెళ్ళకు.

షాద్లియా

*

రమ్లా
ఫిబ్రవరి చివర

అక్కా,

వెళ్ళాను. వసీలాకి మగపిల్లాడు పుట్టాడు. బాలింత మంచం మీద నుంచే తోడికోడలిని పిలిచి నాకు కాఫీ పెట్టించింది, నారింజపూల నీళ్ళు వేయించి మరీ. తౌఫిక్ వలలు బాగుచేస్తూ లేచి నిలబడి సలాం చెప్పాడు, కూర్చోమని తన ముక్కాలిపీట ఇచ్చాడు. అంత మర్యాద చేస్తుంటే నోట మాట ఎలా వస్తుంది?

చివరికి, "రీమ్‌కి ఆ పేరు పెట్టింది నేను. ఇన్‌స్పెక్టర్ ముందు గొప్ప కోసం పసిపిల్లని ఆటపట్టించాను. నన్ను క్షమించండి" అన్నాను.

వసీలా బిడ్డకి గుడ్డ సర్దుతూ, "మీరు చదువుకున్నవారు, ఊరికే అని ఉంటారు" అంది.

తౌఫిక్ మాత్రం వల మీదనుంచి చూపు తీయకుండా అన్నాడు. "టీచరమ్మా, ఒక్కటి చెబుతాను. అది మీ బడి నుంచి వచ్చి రోజూ నాకు పాఠం చెప్పేది. నా పడవ చూపించి 'బా' అనేది. నాకు సంతకం కూడా రాదు. చలికాలం రాకముందు నేను కొన్ని అక్షరాలు నేర్చుకున్నాను దాని దగ్గర. ఇప్పుడు అడిగితే లేచి వెళ్ళిపోతుంది."

రీమ్ తలుపు సందులోంచి నన్ను చూస్తోంది. నేను చెయ్యి చాపాను. తలుపు మూసుకుంది.

మర్నాడు తరగతిలో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, రీమ్‌ని ఇకమీద ఎవరూ నిమ్మకాయ అనకూడదు, అలా అనడం తప్పు అన్నాను. ఒకడు చెయ్యెత్తి, "మీరే కదా టీచరమ్మా అన్నారు?" అని అడిగాడు. తప్పుపట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికి. "అవును, నేనే. తప్పు చేశాను" అన్నాను. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దవాళ్ళు తప్పు చేశామనడం వాళ్ళెప్పుడూ విని ఉండరు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

స్ఫాక్స్‌కి రానని ఇన్‌స్పెక్టర్ గారికి రాసేశాను. కారణం కూడా రాశాను. ఆయన జవాబులో, ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అన్నారు, వేరే టీచరుని చూసుకుంటామన్నారు. ఆయనా ఆ రోజు నవ్వినవాడే కదా. నన్ను క్షమించడం ఆయనకి ఎందుకంత సులువో తెలిసింది.

ఆదివారాలు వాళ్ళింటికి వెళ్తున్నాను. గుమ్మంలో కూర్చుంటాను, క్షమించమని అడుగుతాను, వచ్చేస్తాను.

దలెందా

*

ఎల్ కెఫ్
మార్చి

దలెందా,

వారం వారం వెళ్ళి క్షమించమని అడుగుతున్నావా? ఎవరి కోసం? ఐదేళ్ళ పిల్ల చేత "సరే" అనిపించుకుంటే నీకు నిద్ర పడుతుంది, అంతేనా? పాపం ఆ పిల్ల, మాట్లాడనని మొండికేసి కూర్చున్నదాన్ని నువ్వు మళ్ళీ మాట్లాడమనే అడుగుతున్నావు. రీమ్ నీకు బాకీ ఏమీ లేదు చెల్లీ.

నీకు వచ్చింది ఆడించడం. వెళ్ళి ఆడుకో. అది ఆడకపోతే పక్కన కూర్చుని నువ్వే ఆడుకో. సిగ్గుతో చేతులు పడిపోలేదు కదా.

కఠినంగా రాశాను. నేను కూడా మహబూబాని మళ్ళీ కదిలించడం మానేశాను, అందుకే తెలిసింది. ఇప్పుడు తను మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకుండా ఉండటం నేర్చుకుంటున్నాను. నా నోటి సంగతి నీకు తెలుసుగా, ఎంత కష్టమో ఊహించుకో.

షాద్లియా

*

రమ్లా
ఏప్రిల్ చివర

అక్కా,

రీమ్ సోమవారం నుంచి బడికి వస్తుందని వసీలా చెప్పింది. అంతా చక్కబడిందనుకోకు. రొట్టెల ముసలాయన ఇంకా మరిచిపోయి నిమ్మకాయ అంటాడు, అని నాలుక కరుచుకుంటాడు. ఆ పేరు ఊరి నోట్లో పడిపోయింది. దాన్ని నేను వెనక్కి తీసుకోలేను. పెద్దయ్యాక కూడా ఎవరో ఒకరు అంటారు, ఎందుకు వచ్చిందో అడిగితే నా పేరు చెబుతారు. చెప్పాలి కూడా.

బడికి ఎలా ఒప్పుకుందో రాస్తాను.

నీ మాట విని క్షమాపణలు మానేశాను. ఆదివారం వెళ్ళి, వాళ్ళ గుమ్మం ముందు ఇసుకలో కూర్చుని, నా పాటికి నేను గీసుకుంటూ ఉండేదాన్ని. గవ్వలతో చుక్కలు పెట్టేదాన్ని. కొన్ని వారాలు అది తలుపు దగ్గరే నిలబడింది. తర్వాత వచ్చి దూరంగా కూర్చుంది. ఒక రోజు నేను పెట్టిన గవ్వని తీసి సరైన చోట పెట్టింది. అక్షరాలన్నీ వచ్చు అక్కా దానికి. బడికి రాకపోయినా, నోరు విప్పకపోయినా, రేవులో పడవల మీద ఉన్న రాతలన్నీ చూసుకుంటూ నేర్చేసుకుంది.

నిన్న ఒక కొత్త ఆట చెప్పాను. ఒకరు వీపు తిప్పి కూర్చోవాలి, ఇంకొకరు వీపు మీద వేలితో అక్షరం రాయాలి, కూర్చున్నవాళ్ళు చెప్పుకోవాలి. దాని వీపు మీద నేను రాస్తే, అది నోటితో చెప్పకుండా ఇసుకలో రాసి చూపించింది. ఒక్కటీ తప్పలేదు. తర్వాత నా భుజం పట్టుకుని తిప్పింది, ఇప్పుడు నీ వంతు అన్నట్టు.

వసీలా గుమ్మంలో బార్లీ జల్లెడ పడుతోంది. పసివాడు బుట్టలో ఉన్నాడు. రీమ్ నా వీపు మీద ఏదో రాసింది. "బా" అన్నాను. కాదని నా జడ లాగింది. మళ్ళీ రాసింది. "తా" అన్నాను. మళ్ళీ లాగింది. మూడోసారి రాసింది. "యా?" అన్నాను.

వెనకనుంచి కిసుక్కుమని నవ్వు వినపడింది.

ఆ వెంటనే ఆగిపోయింది, ఎవరో నోరు నొక్కేసినట్టు. నేను కదల్లేదు. అది మెల్లగా చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి నిలబడింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, నా మొహంలోకి చూస్తోంది, నాకు దెబ్బ తగిలిందేమోనని వెతుకుతున్నట్టు. చేతులు దించి ఇన్ని నెలలకి మొదటి మాట అంది.

"మీమీద నవ్వలేదు టీచలమ్మా. నేనే సలిగా లాయలేదు."

జల్లెడ ఆగిపోయింది.

నేను దానికి ఎన్నడూ చెయ్యనిది, అది నాకు చేసింది. నా తప్పు తన మీద వేసుకుని నన్ను కాపాడబోయింది.  "లేదమ్మా, నువ్వు బాగానే రాశావు. నాకే తెలియలేదు" అన్నాను.

 "అయితే మళ్ళీ లాస్తాను. తిలగండి" అంది.

తిరిగాను. నా మొహం దానికి కనపడకుండా పోయినందుకు సంతోషించాను. కళ్ళు నీళ్ళతో నిండిపోయి ఎదురుగా సముద్రం కూడా కనపడటం లేదు. అది నా వీపు మీద రాయడం మొదలుపెట్టింది, ఆలస్యంగా నేర్చుకునే పిల్లలకి నేర్పినట్టు, వేలు గట్టిగా ఆనించి, తొందరలేకుండా.

దలెందా